ఎడమ లీడ్ స్థానం మారిస్తే ఆయాసం తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 61. గుండె పంపింగ్ 28 శాతమే ఉందని, ఇ.సి.జి.లో లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ కనిపిస్తోందని చెప్పి, ఎనిమిది నెలల క్రితం మూడు లీడ్ల (గుండెకు ప్రేరణ చేర్చే తీగల) పేస్‌మేకర్ అమర్చారు. ఆయాసం పెద్దగా తగ్గలేదు. పైగా ఎడమవైపు తిరిగి పడుకుంటే ఎక్కిళ్లు వచ్చినట్టు పొట్ట పైభాగం అదురుతోందంటున్నారు. ఎడమ లీడ్ సరైన చోట కుదరలేదేమో, మార్చవలసి రావచ్చని డాక్టరుగారు అన్నారు. మళ్లీ ఆపరేషన్ తప్పదా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లీడ్ ఉన్న చోటుకు చాలా ప్రాధాన్యం ఉందమ్మా. అయినా మళ్లీ కోత పెట్టడానికి ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి; మీ అమ్మగారి విషయంలో వాటితోనే కొంత మేలు జరగవచ్చు.

గుండె ఎడమవైపుకు విద్యుత్‌ను చేరవేసే ఎడమ బండిల్‌లో అడ్డంకి ఉన్నప్పుడు విద్యుత్ ప్రేరణ మధ్యగోడకు ముందుగా, ఎడమ జఠరిక పక్కగోడకు ఆలస్యంగా చేరుతుంది. ఒక గోడ ముడుచుకుని సడలే వేళకు రెండోది ముడుచుకోవడం మొదలుపెడుతుంది కనుక, రక్తాన్ని బయటికి నెట్టవలసిన బలంలో కొంత లోపలే వృథా అవుతుంది. ఈ తేడాను సరిచేయడానికే మూడో లీడ్‌ను కరోనరీ సైనస్ అనే సిర గుండా పంపి, ఎడమ జఠరిక వెలుపలి సిరల్లో ఒకదానిలో నిలుపుతారు. రోడ్డున్న ఊరికే బస్సు వెళ్లగలిగినట్టు, సిర ఉన్న చోటికే లీడ్ చేరగలదు. సిరలు అందరికీ ఒకేలా ఉండవు కాబట్టి, అనుకున్న చోటు దొరకకపోవడాన్ని ప్రతిసారీ డాక్టరు పొరపాటుగా భావించకూడదు.

మంచి చోటంటే అన్నిటికన్నా ఆలస్యంగా ప్రేరణ అందుకునే భాగం. సాధారణంగా అది పక్కగోడలోనో, దాని వెనుక భాగంలోనో ఉంటుంది. అక్కడ పాత గుండెపోటు వల్ల ఏర్పడిన మచ్చ ఉండకూడదు, ఎందుకంటే మచ్చ కట్టిన కండరానికి ప్రేరణ ఇచ్చినా అది సరిగా స్పందించదు. గుండె కొనభాగంలో లీడ్ ఉన్నవారికి ఫలితాలు తక్కువగా ఉన్నాయని మాడిట్-సి.ఆర్.టి. అధ్యయన సమాచారాన్ని విశ్లేషించి 2011లో వెల్లడించారు. ఆ మరుసటి ఏడాది వెలువడిన టార్గెట్ అధ్యయనంలో, ప్రత్యేక ఎకో పరీక్షతో ఆలస్యంగా ముడుచుకునే, మచ్చలేని భాగాన్ని ముందే గుర్తించి అక్కడ లీడ్ పెట్టినవారిలో 70 శాతం మందికి గుండె పరిమాణం తగినంత తగ్గగా, మామూలు పద్ధతిలో పెట్టినవారిలో అది 55 శాతమే. 15 శాతం తేడా చిన్నది కాదని నేను నమ్ముతాను.

మీ అమ్మగారికి కలిగే అదురు సాధారణంగా, లీడ్ దగ్గరగా పోయే ఫ్రెనిక్ నాడికి కూడా ప్రేరణ తగిలి, ఊపిరి తీసుకునే కండరమైన డయాఫ్రం కదలడం వల్ల వస్తుంది. ఆ లీడ్ నాలుగు ఎలక్ట్రోడ్లున్న క్వాడ్రిపోలార్ రకమైతే, ప్రోగ్రామర్ యంత్రంతో ఒక ఎలక్ట్రోడ్ నుంచి మరొకదానికి మార్చి, అవసరమైతే ప్రేరణ శక్తిని సరిచేసి, కత్తి పట్టకుండానే అదురు ఆపవచ్చు. అలా మార్చేటప్పుడు ఎడమ జఠరికకు ప్రేరణ నిజంగా అందుతోందో లేదో ఇ.సి.జి.లో తప్పక చూడాలి. పేసింగ్ శాతం, అంటే మొత్తం గుండె స్పందనల్లో పేస్‌మేకర్ ఇచ్చేవి ఎన్నో కూడా అడగండి. అది 98కి తగ్గకుండా ఉండాలని మేము చూస్తాం. గుండె పై గదులు అస్తవ్యస్తంగా కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్లో, తరచూ వచ్చే అదనపు స్పందనల వల్లో ఈ శాతం పడిపోతే, లీడ్ ఎంత మంచి చోట ఉన్నా ఆయాసం తగ్గదు. ముందు నుంచి, పక్క నుంచి తీసిన ఛాతీ ఎక్స్‌రేలతో లీడ్ జరిగిందో లేదో తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా స్థానమే కారణమని తేలితే, మరో సిరలోకి లీడ్‌ను మార్చవచ్చు. సిర అనుకూలించనప్పుడు మరో దారి ఉంది. 2017లో చైనాలోని వెంజౌ వైద్యులు ప్రచురించిన లెఫ్ట్ బండిల్ పేసింగ్ పద్ధతిలో, లీడ్‌ను కుడి జఠరిక నుంచి మధ్యగోడ లోపలికి స్క్రూలా తిప్పి బిగించి, అడ్డంకిని దాటి గుండె సొంత విద్యుత్ మార్గాన్నే అందుకుంటారు. మధ్యగోడలో మచ్చ ఎక్కువగా ఉన్నా, అడ్డంకి ఇంకా కిందికి వ్యాపించి ఉన్నా ఇది పనిచేయకపోవచ్చు. చర్మం కింద పేస్‌మేకర్ ఉంచిన సంచిని మళ్లీ తెరిస్తే ఇన్‌ఫెక్షన్ ముప్పు మొదటిసారికంటే ఎక్కువ. అందుకే పైన చెప్పిన పరీక్షలు పూర్తి కాకుండా ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దు.

గుండె వైఫల్యానికి ఇచ్చిన మందులను ఈలోగా ఏ కారణంగానూ ఆపకండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, రాత్రి పడుకోలేక లేచి కూర్చోవలసి వస్తున్నా, తదుపరి అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా అమ్మగారిని వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.