ఐసీయూ రాలేదని బెంగ పడకు, జనరల్ వార్డును సరిగ్గా వాడుకో

ప్రశ్న: నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు క్లినికల్ పోస్టింగ్ జనరల్ మెడికల్ వార్డులో వేశారు. ఫ్రెండ్స్‌కేమో ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ వచ్చాయి. ఇక్కడ బీపీలు చూడటం, బెడ్లు సర్దడం, ల్యాబ్‌కి శాంపిల్స్ మోయడం తప్ప ఏమీ లేదు. స్టాఫ్ నర్సులు ఎప్పుడూ బిజీగానే ఉంటారు, అడగాలంటే భయం. నా కెరీర్ వెనకబడిపోతుందా?

జవాబు: వెనకబడదమ్మా. ఆ టెన్షన్ ముందు తీసేయి. రెండో సంవత్సరంలో మెడికల్ వార్డు దొరకడం నా లెక్కలో మంచి విషయమే, ఎందుకో చెప్తాను.

ఐసీయూలో పేషెంట్ వెంటిలేటర్ మీద ఉంటాడు, చుట్టూ నాలుగైదు ఇన్ఫ్యూజన్ పంపులు ఉంటాయి, ఒక్క చిన్న తప్పుకి ప్రాణం మీదకి వస్తుంది కాబట్టి అక్కడి స్టాఫ్ నర్సు రెండో సంవత్సరం స్టూడెంట్ చేతికి పెద్దగా ఏ పనీ ఇవ్వలేదు. అది ఆవిడ తప్పు కాదు. మీ ఫ్రెండ్స్ చాలాసేపు పక్కన నిలబడి చూస్తూ ఉంటారు, చూడటం కూడా నేర్చుకోవడమే, కాదనను. కానీ నీ వార్డులో షుగర్, ఆయాసం, గుండె జబ్బు, కిడ్నీ సమస్య, పక్షవాతం అన్నీ ఉంటాయి, చాలామందికి రెండు మూడు కలిసే ఉంటాయి. పైగా పేషెంట్ నీతో మాట్లాడతాడు. రాత్రి నిద్ర పట్టిందా, మందు వేసుకున్నాక కళ్లు తిరిగాయా అని నువ్వు అడగొచ్చు, జవాబు వినొచ్చు.

"బీపీలు చూడటం తప్ప" అన్నావు చూడు, దాని గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. పేషెంట్ పరిస్థితి దిగజారుతున్నప్పుడు బీపీ చాలాసార్లు ఆలస్యంగా పడుతుంది. గుండె వేగం పెంచి, రక్తనాళాలు బిగబట్టి శరీరం బీపీని కొంతసేపు నిలబెట్టుకుంటుంది కాబట్టి చార్టులో 120 కనిపిస్తున్నా లోపల కథ వేరుగా ఉండొచ్చు. అంతకంటే ముందే మారేది తరచుగా ఊపిరి వేగం. అందరూ లెక్కపెట్టకుండా 18 అనో 20 అనో రాసేసేది కూడా అదే! నువ్వు మాత్రం పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు, లెక్కపెడుతున్నట్టు పేషెంట్‌కి తెలియకుండా, నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే లెక్కపెట్టు, తెలిస్తే ఊపిరి మార్చేస్తాడు. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లలో మామూలుగా 12 నుంచి 20 వరకు ఉంటుంది. బ్రిటన్‌లో 2012లో న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అని, పేషెంట్ దిగజారడాన్ని ముందే పసిగట్టే స్కోరింగ్ పద్ధతి తెచ్చారు, అందులో ఊపిరి వేగం, ఆక్సిజన్ శాతం, పై బీపీ, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత చూస్తారు. ఊపిరి 25 లేదా అంతకు మించితే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు, అంటే ఏ ఒక్క అంశానికైనా ఇచ్చే అత్యధిక స్కోరు. మీ ఆస్పత్రిలో ఆ పద్ధతి వాడినా వాడకపోయినా, పొద్దుటి లెక్కకీ ఇప్పటి లెక్కకీ తేడా కనిపిస్తే వెంటనే వెళ్లి చెప్పడం నీ పని.

బెడ్ సర్దడం కూడా అంతే. మంచం మీదే ఉన్న మనిషిని పక్కకి తిప్పినప్పుడు నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా, నొక్కితే ఆ ఎరుపు పోతోందా చూడు. పోకపోతే అక్కడ బెడ్‌సోర్ మొదలవుతున్నట్టే. శాంపిల్ తీసుకెళ్లమంటే ఏ టెస్టు, ఎందుకు అని ఒక్క మాట అడిగి, మర్నాడు రిపోర్టు చూడు.

ఇక అడగాలంటే భయం అన్నావు. "సిస్టర్, నాకేమైనా నేర్పిస్తారా" అని అడిగితే ఎవరైనా "తర్వాత చూద్దాం" అనే అంటారు, ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు ఆలోచించే తీరిక కూడా వాళ్లకి ఉండదు. షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించే హ్యాండోవర్‌కి కాస్త ముందే వెళ్లు, ఆ రోజు వార్డులో ఏమేం ఉన్నాయో విను, తర్వాత ఇలా అడుగు: "సిస్టర్, మూడో బెడ్ డ్రెస్సింగ్ మార్చాలి కదా, నేను ల్యాబ్‌లో ప్రాక్టీస్ చేశాను, మీరు పక్కనుంటే నేను చేస్తాను." ఏ పని, ఎప్పుడు, నీకు ఎంతవరకు వచ్చు అన్నీ అందులోనే ఉన్నాయి, ఆవిడ అవుననో కాదనో చెప్తే చాలు. మందులు ఇచ్చే రౌండ్ మధ్యలో మాత్రం ఎవరినీ కదిలించకు, తప్పులు జరిగేది అప్పుడే. ఒకరు విసుక్కుంటే ఇంకొకరిని అడుగు. వారం గడిచినా మోసే పని తప్ప ఏమీ దొరక్కపోతే ఈ పోస్టింగ్‌లో నేర్చుకోవాల్సిన వాటి జాబితా పట్టుకుని మీ క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లు. ఇది ఫిర్యాదు కాదు, నీ హక్కు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో నర్సింగ్ కోర్సుకి కనీసం 4,600 గంటల శిక్షణ ఉండాలి, అందులో కనీసం సగం క్లినికల్‌లోనే జరగాలి. అన్ని గంటలు పెట్టింది స్టూడెంట్ నేర్చుకోవడానికే కదా.

కొన్ని పనులకి మాత్రం కాదనడం నేర్చుకో. ఎవరూ పక్కన లేకుండా ఇంజెక్షన్ ఇమ్మన్నా, నీకింకా నేర్పని పని చేయమన్నా "నాకు ఇది రాదు, మీరుంటే చేస్తాను" అని మర్యాదగా, గట్టిగా చెప్పు. చేయని ప్రొసీజర్‌ని లాగ్‌బుక్‌లో చేసినట్టు రాయకు. తోటివాళ్లంతా రాస్తున్నా సరే. రేపు ఉద్యోగంలో ఆ సంతకం చూసి నీకు వచ్చనుకుని ఒక పేషెంట్‌ని అప్పగిస్తారు.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకు, నేరుగా షార్ప్స్ డబ్బాలో వేసేయి. ఒకవేళ గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడుగు, పిండకు, తిడతారని దాచకు, అప్పటికప్పుడు ఇన్‌ఛార్జ్‌కి చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. హెపటైటిస్ బి టీకా మామూలుగా మూడు డోసులు, పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. నీది పూర్తయిందో లేదో ఈరోజే చూసుకో.

కెరీర్ మాటకొస్తే, ఇంటర్వ్యూలో నువ్వు ఏ వార్డులో చేశావన్నది ఒక్క ప్రశ్నతో అయిపోతుంది. ఆ తర్వాత "పేషెంట్ పరిస్థితి పాడవుతోందని ఎలా గుర్తుపట్టావు, ఎవరికి ఏమని చెప్పావు" అని అడిగితే ఐసీయూలో నిలబడి చూసినవాళ్లకంటే వార్డులో స్వయంగా చేసినవాళ్లే ఎక్కువ చెప్పగలరు. అందుకే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. పేషెంట్ పేరు, బెడ్ నంబర్, గుర్తుపట్టే వివరం ఏదీ రాయకు, ఫోటో అసలే వద్దు. ఏం చూశావు, ఏం చేశావు, ఏం అర్థం కాలేదు, అంతే రాయి. ఐసీయూ మీద నిజంగా ఇష్టం ఉంటే తర్వాతి పోస్టింగ్‌కి అది కావాలని ఇప్పుడే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి ఉంచు. అప్పటికి ఆ మానిటర్ మీద మెరిసే అంకెలు నీకు తెలిసినవే అయి ఉంటాయి.

రేపటి షిఫ్టులో ఒక్క పేషెంట్‌ని ఎంచుకో. అడిగి కేస్ షీట్ మొత్తం చదువు, ప్రతి మందూ ఎందుకిస్తున్నారో తెలుసుకో, షిఫ్టు అయ్యేలోపు ఆ పేషెంట్ గురించి స్టాఫ్ నర్సుకి రెండు నిమిషాల్లో చెప్పి, నేనేం వదిలేశానో చెప్పండి సిస్టర్ అని అడుగు.