మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని డెరింకుయు భూగర్భ నగరానికి తీసుకెళ్లవచ్చా?

కష్టమేనండి. టర్కీలో కప్పడోకియా ప్రాంతంలోని ఈ నగరం లోతు సుమారు 85 మీటర్లు. సందర్శకులకు కొంత భాగమే తెరిచారు, కానీ ఆ కొంతకే మోకాళ్లు మొరాయిస్తాయి. మెట్ల దారి సన్నం, కొన్నిచోట్ల నడుం వంచే నడవాలి. ఎదురుగా టూర్ గుంపు వస్తే అలా వంగే ఆగాలి. ఇరుకంటే టెన్షన్ పడేవాళ్లు అసలు దిగొద్దు.

దిగగలిగితే మాత్రం రాతి తలుపులు తప్పక చూడండి. తిరగలి రాయిలా గుండ్రంగా, మధ్యలో రంధ్రంతో ఉంటాయి. శత్రువులొస్తే లోపలినుంచి దొర్లించి దారి మూసేసేవారు. గాలి కోసం తొలిచిన నిలువు బావి దగ్గర తలెత్తితే లోతు అర్థమవుతుంది.

వేసవిలోనూ లోపల చల్లగానే ఉంటుంది, స్వెట్టర్ ఉంచుకోండి. టూర్ బస్సులకంటే ముందే, పొద్దున్నే వెళ్లడం మేలు. పెద్దవాళ్లను పైనే టీ దుకాణంలో కూర్చోబెట్టండి.