అన్‌వెరిక్ట్-లుండ్‌బోర్గ్ జబ్బు ఉన్నవాళ్లకు డిప్రెషన్ ఎందుకు వస్తుంది?

ఇది ఫిన్లాండ్‌లో ఎక్కువగా కనిపించే అరుదైన వంశపారంపర్య మూర్ఛ. సీఎస్‌టీబీ జన్యువులో లోపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు వస్తుంది. సాధారణంగా 6-16 ఏళ్ల మధ్య మొదలవుతుంది.

పెద్ద ఫిట్స్ చాలామందిలో మందులతో తగ్గుతాయి. మనిషిని అసలు కుంగదీసేది ఒళ్లు ఉలిక్కిపడ్డట్టు అదరడం. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలుకుతాయి, నడక తడబడుతుంది. టెన్షన్ పడితే అదురు పెరుగుతుంది, అది చూసి మళ్లీ టెన్షన్. తెలివి పెద్దగా దెబ్బతినదు కాబట్టి ఏం పోగొట్టుకుంటున్నారో వాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. నాకైతే అదే ఎక్కువ బాధగా అనిపిస్తుంది.

ఈ కుంగుబాటు ఫిట్స్‌కు వాడే మందుల వల్ల కూడా కావచ్చు. లెవెటిరాసెటామ్ కొందరిలో చిరాకు, దిగులు తెస్తుంది. అలాగని సొంతంగా ఆపేస్తే ఫిట్స్ విరుచుకుపడతాయి. న్యూరాలజిస్టుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. డిప్రెషన్‌కు సెర్ట్రలిన్ లాంటివి మూర్ఛ ఉన్నవాళ్లకూ ఇస్తారు. డిప్రెషన్‌కే వాడే బుప్రోపియాన్ మాత్రం ఫిట్స్ ముప్పును పెంచుతుంది.

చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. మన దేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.