ప్లాటు అమ్మే ముందు ఒక టబ్బు తోటకూర

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. అంతరిక్షంలో ఆకుకూర పెంచిన వీడియో చూసినప్పటి నుంచి హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లలో మొక్కలు పెంచడం) చేస్తానంటోంది. హైదరాబాద్‌లో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. అది మంచిదా, బీఎస్సీ హార్టికల్చర్ మంచిదా? అవసరమైతే ప్లాటు అమ్మి ఫామ్ పెట్టిస్తాను. పొలం వదిలి పట్నం వచ్చినవాళ్లం, పిల్ల మళ్లీ మట్టిలోకి పోవడం నాకిష్టం లేదు. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే అసలు ప్రశ్న అండీ. ఏసీ గదిలో, చేతికి మట్టి అంటకుండా చేసే సేద్యమైతే నలుగురిలో చెప్పుకోవచ్చని మీ ఆశ. ఈ ఉత్తరాలు రాసే తల్లిదండ్రుల్లో చాలామందిది ఇదే ఆశ. నీళ్లలో పెరిగినా మొక్క మొక్కే. వేరు కుళ్లుతుంది, పేనుబంక పడుతుంది, పొద్దున్నే లేచి చూసుకోవాలి. 2015 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తిన్న ఎర్ర లెట్యూస్ ఆకుకూర కూడా కాల్చిన బంకమట్టి గుళికలు నింపిన చిన్న సంచుల్లోనే పెరిగింది. మన శ్రీహరికోట నుంచి 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60తో వెళ్లిన అలసంద గింజలు నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. గర్వపడదాం. కానీ అక్కడ ఆకు కిలో ఎంత పడిందని ఎవరూ అడగరు. ఇక్కడ మొదటి ప్రశ్న అదే.

లెక్క చూడండి. కిటికీ లేని గదిలో లెట్యూస్‌కు రోజుకు 16 గంటల వెలుగు కావాలి. మంచి ఎల్‌ఈడీలు వాడినా చదరపు మీటరుకు రోజుకు సుమారు ఒకటిన్నర యూనిట్లు కాలుతాయి. నెలకు 45 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 360. ఆ జాగాలో 25 మొక్కలు పడితే ఒక్కో మొక్క మీద వెలుగు ఖర్చే 14 రూపాయలు దాటుతుంది. ఏసీ, పోషకాలు, కూలి, అద్దె, పాడైన సరుకు ఇంకా కలపలేదు. పక్కన ఎండలో పండిన పాలకూర కట్ట ఎంతకు వస్తుందో మీకు తెలుసు. ఇలా గదుల్లోనే ఆకుకూరలు పెంచుతూ అమెరికాలో కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకున్న ఏరోఫామ్స్ కంపెనీ 2023 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. అలాంటిదే బవరీ 2024 నవంబర్‌లో మూతపడింది. 2025 మార్చిలో ప్లెంటీ కూడా దివాలా కోర్టుకెక్కింది. వాళ్లకు సాంకేతికత లేక కాదు, లెక్క కుదరక.

ఇది తెలిసి ప్లాటు అమ్ముతానంటే కోప్పడక తప్పదు. ఆ ఫామ్ దెబ్బతింటే 'ప్లాటు పోగొట్టిన పిల్ల' అన్న మాట జీవితాంతం పడేది ఆమె. పదిహేడేళ్ల పిల్ల నెత్తిన అంత బరువు పెడతారా? ప్లాటు ఊసెత్తకండి, ఆమె ముందు అసలే వద్దు.

బదులుగా పరీక్షలయ్యాక రెండు, మూడు వేలు ఇవ్వండి. వెలుతురు చొరబడని 20 లీటర్ల టబ్బు (పారదర్శకమైతే పాచి పడుతుంది), ఆరు రంధ్రాల థర్మాకోల్ మూత, రెండంగుళాల నెట్ కుండీలు, అక్వేరియం గాలి పంపు, పీహెచ్ పెన్ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపేది), ఈసీ మీటరు (నీళ్లలో కరిగిన పోషక లవణాలు ఎంత ఉన్నాయో చూపేది). పోషకాలకు బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ తయారుచేసిన అర్క సస్య పోషక రస్ లాంటిది చాలు. ఇది ఎ, బి అని రెండు ద్రావణాలుగా వస్తుంది, వాటిని నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి తెల్లటి మడ్డిలా అడుక్కి దిగిపోతాయి. ముందు నీళ్లలో ఎ కలిపి, తిప్పి, తర్వాత బి. ఎండాకాలం కాబట్టి పాలకూర వద్దు, తోటకూర వేయించండి. పీహెచ్ 6 దగ్గర, ఈసీ 1.6 నుంచి 2 మధ్య. టబ్బు తూర్పు బాల్కనీలో నీడన ఉండాలి, చుట్టూ తడి గోనెపట్టా కట్టాలి. నీళ్లు 28 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గి, తెల్లటి వేర్లు గోధుమరంగులోకి మారి జిగటపడతాయి.

అసలు పరీక్ష మూడో వారంలో వస్తుంది. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఎరువు చాలలేదని ఇంకా పోస్తారు చాలామంది. ఈసీ పెరిగి ఆకు కొసలు మాడతాయి. నిజానికి అది మొక్కకు ఇనుము అందని లక్షణం. ఇనుము నీళ్లలో ఉంటుంది, పీహెచ్ 7 దాటడంతో వేరుకు అందదు. ఒక్కోసారి పీహెచ్ పెన్నే తప్పు చూపిస్తుంది, పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాలి. ఆ పూట మీ అమ్మాయి విసుక్కుందా, పుస్తకం తీసి కారణం వెతికిందా, పక్కన నిలబడి గమనించండి. చెప్పేయకండి.

వెతికితే ఆమె ఈ రంగం మనిషే, మీరు బెంగపెట్టుకోవాల్సిన పని లేదు. సిద్దిపేట జిల్లా ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కాలేజీల్లో నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ చేస్తే నర్సరీలు, పాలీహౌస్‌లు, టిష్యూ కల్చర్, విత్తన కంపెనీలు, ఉద్యాన శాఖ అన్నీ తెరిచే ఉంటాయి. హైడ్రోపోనిక్స్ వాటిలో ఒకటి. ఈ డిగ్రీ చదివిన పిల్ల రోడ్డున పడదు. మట్టి అంటితే అంటనివ్వండి, మీ ఇంటిని నిలబెట్టింది ఆ మట్టే.

సర్టిఫికెట్ కోర్సువాళ్లను రెండే అడగండి. విత్తనం నుంచి కోత దాకా ఒక పంట ఆమె చేత చేయిస్తారా? ఆ పంటకైన కరెంటు బిల్లు చూపిస్తారా? రెండింటికీ అవునంటేనే ఫీజు కట్టండి. అదీ ఇప్పుడు కాదు, డిగ్రీ మూడో ఏడాది సెలవుల్లో.