బిల్లును నమ్ముకుని కూర్చుంటే జూలై 13 దాటిపోతుంది

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. 2022 మేలో మా చెల్లిని మేనత్త కొడుక్కి ఇచ్చి చేశారు. అప్పటికి దానికి పదహారు నిండలేదు. మేనత్త మంచాన పడి, కళ్లు మూసేలోగా కోడలిని చూసుకుంటానని ఏడిస్తే నాన్న కాదనలేకపోయారు. వాళ్లది పాతపట్నం వైపు. చెల్లి మూడు నెలలు అక్కడ ఉండి వచ్చేసింది, మళ్లీ వెళ్లలేదు. ప్లస్ టూ పూర్తి చేసింది. ఇప్పుడు పంపమని మామయ్య గొడవ చేస్తున్నారు. అమ్మ దిగులుతో సగమైపోయింది. అసెంబ్లీలో కొత్త బిల్లు పాసైందని, 21 ఏళ్ల లోపు అమ్మాయి పెళ్లి చెల్లదని, రద్దుకు 23 ఏళ్లు వచ్చేదాకా గడువుందని వాట్సాప్‌లో చూశాం. కోర్టు ఎందుకు, స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాసుకోండని పెద్దమనుషులు అంటున్నారు. శ్రావణంలో వేరే సంబంధం చేద్దామనుకుంటున్నాం. స్కూల్లో చెల్లి పుట్టినతేదీ 14 జూలై 2006. ఆధార్‌లో 1 జనవరి 2007. ఏది వాడాలి? కేసు నేను వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చేది ఒక్క పంక్తే: 14 జూలై 2006. మేనత్త జబ్బు, మామయ్య గొడవ, అమ్మ దిగులు జడ్జి గారి ముందు నిలిచేవి కావు. ఆ తేదీ ఒక్కటే నిలుస్తుంది.

మీకు వర్తించేది 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం. 2007 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిది నిండని అమ్మాయికి చేసిన పెళ్లి దానంతట అదే చెల్లకుండా పోతుందని ఈ చట్టం చెప్పదు. మైనరుగా పెళ్లి జరిగిన మనిషి కోరితే కోర్టు రద్దు చేస్తుంది. అప్పటిదాకా ఆ పెళ్లి పెళ్లే. కోరడానికీ గడువుంది. 3వ సెక్షన్ ప్రకారం మేజరయ్యాక రెండేళ్లు నిండకముందే పిటిషన్ దాఖలు కావాలి. మీ చెల్లెలు 2024 జూలై 14న మేజరయింది. ఆమెకున్న ఆఖరి రోజు 2026 జూలై 13, సోమవారం. దాని ముందు రోజు ఆదివారం, ఆ ముందు రోజు రెండో శనివారం. అంటే తీరుబడిగా పని జరిగే చివరి రోజు జూలై 10, శుక్రవారం. నా దగ్గరికి వచ్చి ఉంటే జూన్ దాటనిచ్చేదాన్ని కాదు.

ఆలస్యమైతే కారణం చెప్పి క్షమించమని అడగవచ్చు కదా అనుకోకండి. కేసుల గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 29వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ వివాహ, విడాకుల చట్టాల కింద వేసే కేసులను ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. మామూలు సివిల్ అప్పీలులో ఆలస్యాన్ని మాఫీ చేసే దారి ఇక్కడ దొరుకుతుందని లెక్క వేసుకోకూడదు.

దాదాపు నాలుగేళ్లుగా చెల్లెలు అత్తింటికి వెళ్లడం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మాయి మేజరై రెండేళ్లు కావస్తోంది. ఒక్కరూ ఒక్కసారి పర్లాకిమిడి కోర్టు మెట్లెక్కి అడగలేదు. ఫోన్‌లో వచ్చిన వార్త చాలనుకున్నారు. ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది మీరు కాదు, ఆ అమ్మాయి.

ఇక ఆ బిల్లు సంగతి. వర్ణననుబట్టి అది 2024 ఆగస్టు 27న హిమాచల్ ప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో ఆమోదించిన సవరణ బిల్లు. అమ్మాయిల పెళ్లి వయసు 21కి పెంచడం, రద్దు కోరే గడువును రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పొడిగించడం అందులోనివే. వార్త అబద్ధం కాదు. మీరు చదివిన తీరే తప్పు. సభ దాటినంత మాత్రాన బిల్లు చట్టం కాదు. రాజ్యాంగం 200వ అధికరణం కింద గవర్నర్ ఆమోదించవచ్చు, తిప్పి పంపవచ్చు, రాష్ట్రపతి పరిశీలనకు ఉంచవచ్చు. పెళ్లి, విడాకులు, మైనర్ల విషయం కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో 5వ అంశం. అందులో కేంద్ర చట్టం ఒకటి చెబుతుంటే రాష్ట్రం దానికి ఎదురు మాట రాయాలంటే 254వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ సంతకానికి గడువు ఉంటుందా? 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం గవర్నరుకు, రాష్ట్రపతికి కోర్టులు గడువు పెట్టలేవని, సంతకం పడినట్టే భావించడమూ కుదరదని తేల్చింది. పైగా ఆ సంతకం రేపే పడినా ఆ సవరణ పనిచేసేది హిమాచల్ ఎల్లల్లోనే. మీ తగువు ఒడిశాకూ ఆంధ్రకూ మధ్య.

దారిలో ఆగిపోయిన బిల్లులున్నాయి. 2021 సెప్టెంబరు 17న రాజస్థాన్ శాసనసభ వివాహ రిజిస్ట్రేషన్ సవరణ బిల్లును ఆమోదించింది. మైనర్ల పెళ్లిని తల్లిదండ్రులు రిజిస్టరు చేయించాలనడం బాల్య వివాహాలకు ముద్ర వేయడమేనని ప్రతిపక్షం వాకౌట్ చేసింది. నెల తిరగకముందే ప్రభుత్వమే ఆ బిల్లును గవర్నర్ దగ్గర నుంచి వెనక్కి కోరుతున్నట్టు ప్రకటించింది. గమ్యం చేరినదీ ఉంది. బాల్య వివాహం మొదటి నుంచే చెల్లదని కర్ణాటక 2016లో చేసిన సవరణకు 2017లో రాష్ట్రపతి ఆమోదం దక్కింది. అందుకే అక్కడ అది చట్టం. దేశమంతటికీ వయసు 21 చేయాలని 2021 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన కేంద్ర బిల్లులోనూ ఆ ఐదేళ్ల గడువు ఉంది. అది స్థాయీ సంఘానికి వెళ్లి, 2024లో లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. భువనేశ్వర్‌లో 147 మంది సభ్యుల సభ రేపు ఇలాంటి బిల్లు తెచ్చినా, గెజిట్‌లో అచ్చయి అమలు తేదీ వచ్చేలోగా మీ జూలై 13 వెళ్లిపోతుంది.

ఆధార్ విషయంలో ఎవరో మీ చెవిలో వేసిన మాట నాకు అర్థమైంది. జనవరి తేదీ పట్టుకుంటే దాదాపు ఆరు నెలలు కలిసి వస్తాయని. ఆ పని చేయకండి. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. స్కూలు రిజిస్టరు అవతలివాళ్లు తెప్పిస్తే మీ గడువూ పోతుంది, అఫిడవిట్‌లో అబద్ధం చెప్పిన నేరమూ మీద పడుతుంది. స్కూలు తేదీ మార్పించే ప్రయత్నమూ వద్దు.

పెద్దమనుషుల స్టాంపు కాగితంతో పెళ్లి రద్దు కాదు. కులాచార విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడిన మాట నిజమే. కానీ మీ కులంలో ఆ ఆచారం పాతకాలం నుంచి నడుస్తోందని కోర్టులో సాక్ష్యంతో నిలబెట్టాలి. అది నిలబడకపోతే శ్రావణంలో జరిగేది రెండో పెళ్లి. అది చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. మొదటి పెళ్లిని కొత్త సంబంధం వాళ్ల దగ్గర దాచితే పదేళ్ల దాకా. ఆ శిక్ష అనుభవించాల్సింది మీ చెల్లెలు!

కేసు మీరు వేయలేరు. ఆమె మేజరు కనుక సంతకం ఆమెదే. రెండు పేజీల ఉత్తరంలో నాన్న మాట ఉంది, మామయ్య మాట ఉంది, పెద్దమనుషుల మాట ఉంది. చెల్లెలు ఏమందో ఒక్క ముక్క లేదు. ఆమె వద్దంటోందని నేను అనుకుని రాస్తున్నాను. పదిహేనేళ్లప్పుడు ఆమెను అడగకుండా పెళ్లి చేశారు. ఇప్పుడు అడగకుండా రద్దు చేయించకండి.

పాతపట్నం పోనక్కర్లేదు. బాల్య వివాహాల నిషేధ చట్టం 8వ సెక్షన్ ప్రకారం పిటిషన్ వేసేనాటికి ఆమె ఉంటున్న చోటే వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉంటే అందులో, లేకుంటే జిల్లా కోర్టులో. స్కూల్లో టీసీ కాదు, అడ్మిషన్ రిజిస్టరు నకలు హెడ్మాస్టరు సంతకంతో తీసుకోండి. మెట్రిక్ సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం జత చేయండి. పెళ్లి జరిగిందని చూపడానికి శుభలేఖ, ఫొటోలు కావాలి. మీ శుభలేఖ తెలుగులో ఉంటుంది, ఒడిశా కోర్టులో అది చదవరు. ఇంగ్లీషు లేదా ఒడియా అనువాదం జతపరచండి. 2022 నుంచి ఆమె పుట్టింట్లోనే ఉందనడానికి కాలేజీ హాజరు పనికొస్తుంది. ఇచ్చిపుచ్చుకున్న నగలు, డబ్బు జాబితా రాసి ఉంచండి, రద్దు డిక్రీలో వాటిని తిరిగి ఇవ్వమని కోర్టు రెండు వైపులా ఆదేశిస్తుంది. మళ్లీ పెళ్లయ్యేదాకా భరణం అడిగే హక్కు 4వ సెక్షన్ ఇస్తుంది. మొదటి పిటిషన్‌లోనే అడగండి.

పెళ్లి చేసినందుకు నాన్న మీద కేసు వస్తుందన్న భయంతో ఆగకండి. ఈ చట్టం కింద ఆ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు. అలాంటి నేరాలను కోర్టు మామూలుగా మూడేళ్లలోపే విచారణకు తీసుకుంటుంది. అది 2025 మేతో దాటింది.

డబ్బు లేదనకండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100. దాఖలు చేసి నంబరు పడిన కాగితం తెచ్చుకోండి. డిక్రీ చేతికి వచ్చేదాకా శ్రావణం ముహూర్తం మాట ఎత్తకండి.