గోల్‌పోస్టు ముందు నుంచి చూస్తే...

ప్రశ్న: సార్, మన హాకీ గోల్‌కీపర్ శ్రీజేష్ రిటైరైన వెంటనే భారత జూనియర్ జట్టుకు కోచ్ అయ్యాడు. జీవితమంతా గోల్స్ ఆపినవాడు కుర్రాళ్లకు గోల్ కొట్టడం ఏం నేర్పుతాడని మా హాస్టల్లో ఒకటే వాదన. మీరూ గోల్‌కీపర్‌గా ఆడారు కదా, చెప్పండి.
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, మైదానంలో మిగతా పదిమంది వీపులూ కనిపించేది కీపర్ ఒక్కడికే. మిడ్‌ఫీల్డర్ ఎప్పుడు అలసిపోయాడో, డిఫెండర్ తను కాపు కాయాల్సిన ప్రత్యర్థిని ఎప్పుడు వదిలేశాడో ముందుగా మాకే తెలుస్తుంది. తెలిస్తే చాలదు, అరిచి చెప్పాలి. హెల్మెట్‌లోంచి అరిచి అరిచి మ్యాచ్ అయ్యాక నాకు గొంతు పెగిలేది కాదు. నేను ఆడింది యూనివర్సిటీ స్థాయి వరకే. శ్రీజేష్ 2006 నుంచి 2024 దాకా దేశం తరఫున 336 మ్యాచ్‌లలో అలా ఆటను నడిపించాడు. కోచింగ్ అతనికి కొత్త పని అని నేననుకోను.

ఇక గోల్ కొట్టడం సంగతి. ఏ షాట్ కష్టమో ఫార్వర్డ్ కంటే కీపర్‌కే బాగా తెలుసు. ఛాతీ ఎత్తున దూసుకొచ్చే బంతి చూడటానికి భయంగా ఉంటుంది కానీ చేయి అడ్డుపెడితే ఆగుతుంది. ఎదుట ఎవరో చూపుకు అడ్డంగా నిలబడినప్పుడు, మడమ పక్కనుంచి నేలబారున వచ్చే బంతి ఉంది చూశారూ, అది మమ్మల్ని ఏడిపిస్తుంది. ఆ ఏడుపంతా తెలిసినవాడు ఫార్వర్డ్‌కు చెప్పలేడా?

జూనియర్ల నుంచి మొదలుపెట్టడంలో రాహుల్ ద్రవిడ్ దారే తనదని శ్రీజేష్ చెప్పాడు. 2024 అక్టోబర్‌లో మలేసియాలో జరిగే జూనియర్ టోర్నీ సుల్తాన్ ఆఫ్ జోహోర్ కప్‌లో కాంస్యం, అదే డిసెంబర్‌లో మస్కట్‌లో పాకిస్థాన్‌ను 5-3తో ఓడించి జూనియర్ ఆసియా కప్. అవి సరే. నా మనసులో నిలిచిపోయింది మాత్రం 2025 డిసెంబర్‌లో చెన్నైలో జరిగిన జూనియర్ ప్రపంచ కప్ కాంస్య పోరు. సెమీస్‌లో జర్మనీ చేతిలో 1-5తో చిత్తయిన కుర్రాళ్లు. అర్జెంటీనా మీద చివరి క్వార్టర్‌కు వచ్చేసరికి 0-2తో వెనకబడి ఉన్నారు. అక్కడి నుంచి నాలుగు గోల్స్ కొట్టారు! నేను టీవీ ముందు కూర్చోలేక నిలబడే చూశాను. గోల్ పడ్డాక బంతి సెంటర్‌కు వెళ్లేలోపు దాన్ని మర్చిపోవడం కీపర్ నేర్చుకునే మొదటి పాఠం. ఆ రోజు ఆ పాఠం జట్టు మొత్తానికీ వచ్చేసినట్టు కనిపించింది నాకు.

ప్రశ్న: అన్నగారూ, మా అబ్బాయికి పదమూడేళ్లు, స్కూల్ జట్టులో గోల్‌కీపర్. గోల్స్ పడిన రోజు అన్నం తినడు, ఎవరితోనూ మాట్లాడడు. నాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించేయాలా?
– ఒక తల్లి

జవాబు: మాన్పించకండమ్మా. ఒక ఫైనల్‌లో మెల్లగా వచ్చిన బంతి నా ప్యాడ్ల మధ్య నుంచి జారి గోల్ అయింది. అప్పటి మా కోచ్ తిట్టలేదు, కానీ వారం రోజులు నా మొహం చూడలేదు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకు ఒక నియమం పెట్టాను. గోల్ పడగానే డిఫెండర్లు ముందుగా కీపర్ దగ్గరికి వెళ్లి స్టిక్‌తో ప్యాడ్ మీద తట్టాలి. ఆ తర్వాతే సెంటర్‌కు. మీ అబ్బాయి కోచ్‌కు ఈ మాట చెప్పి చూడండి. బంతి కీపర్ దాకా వచ్చిందంటే అంతకుముందు ముగ్గురో నలుగురో దాన్ని వదిలేసి ఉంటారు. ఇది మీరు ఓదార్పుగా చెబితే వాడు నమ్మడు. మ్యాచ్ వీడియో ఉంటే పక్కన కూర్చుని, బంతి ఎక్కడ పోయిందో వాడినే వెతకమనండి.

ఇంకొకటి. హెల్మెట్, గొంతు గార్డ్, చెస్ట్ గార్డ్ వాడి కొలతకు సరిపోయాయో లేదో మీరే చూడండి. వదులు ప్యాడ్లతో పరిగెత్తే పిల్లాడికి కాలు సమయానికి రాదు, తప్పు మాత్రం తనదే అనుకుంటాడు. శ్రీజేష్ మొదటి కిట్ కోసం వాళ్ల నాన్న ఆవును అమ్మారు. మంచి కిట్ ఎంత అవసరమో ఆ రైతుకు అర్థమైంది.

ప్రశ్న: జూనియర్ అంటే ఏ వయసు? మనవాళ్లు ఆ ప్రపంచ కప్ ఎప్పుడైనా గెలిచారా?

జవాబు: 21 ఏళ్ల లోపు. రెండుసార్లు గెలిచాం: 2001లో హోబర్ట్‌లో, 2016లో లక్నోలో. లక్నో జట్టులో ఆడిన హర్మన్‌ప్రీత్ సింగే పారిస్ ఒలింపిక్స్‌లో మన కెప్టెన్. శ్రీజేష్ ఆఖరి మ్యాచ్ అక్కడే కదా, స్పెయిన్‌పై 2-1తో కాంస్యం గెలిచింది. ఆ రెండు గోల్సూ హర్మన్‌ప్రీత్‌వే.