టైరు గాలి పోతోంది సరే, ఎక్కణ్నుంచి పోతోందో మీ దగ్గర రుజువు ఉందా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2024 ఆగస్టు 17న సొంత కారుకి నాలుగు కొత్త ట్యూబ్‌లెస్ టైర్లు వేయించా, బిల్లు 27,200. రెండు వారాలకే వెనక కుడి టైరు మెల్లగా గాలి దిగడం మొదలైంది, 33 కొట్టిస్తే నాలుగు రోజుల్లో 24కి వచ్చేది. షాపుకి ఎన్నిసార్లు వెళ్లినా గాలి కొట్టి పంపేవాళ్లు. 2026 మార్చిలో రాత్రిపూట సూర్యాపేట దాటాక టైరు పక్క చిరిగిపోయింది, భార్యా పిల్లలతో రెండు గంటలు రోడ్డు పక్కనే. కంపెనీవాళ్లు టైరు చూసి 'గాలి తక్కువతో నడిపారు' అని క్లెయిమ్ కొట్టేశారు. గుంతలో పడిందని ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం అంటున్నాడు మా బావమరిది. మానసిక వేదనకి 5 లక్షలు అడగొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో సగం ఆ రాత్రి గురించే ఉందండి. దాన్ని పక్కన పెట్టి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ కేసు తేలేదంతా ఒక్క ముక్క మీద, 2024 సెప్టెంబరులో ఆ గాలి ఎక్కణ్నుంచి పోయింది? టైరులోంచి పోతే కంపెనీ బాధ్యత. వాల్వ్ దగ్గరో, బిగించేటప్పుడు టైరు అంచు దెబ్బతినో పోతే షాపువాడి బాధ్యత. మీ పాత అల్లాయ్ రిమ్ము వంగో తుప్పు పట్టో పోతే ఎవరి బాధ్యతా కాదు, మీదే. ఈ మూడింట్లో ఏదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ఏడాదిన్నరలో ఒక్కసారైనా చక్రం ఊడదీయించి నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూపించమని అడగలేదు మీరు. షాపువాడు గాలి కొట్టిన ప్రతిసారీ ఒక చీటీ రాయించుకుని ఉంటే ఈపాటికి కేసు సగం నిలబడేది.

ఇప్పుడు ఆ చిరిగిన టైరు లోపలికి చెయ్యి పెట్టి చూడండి. పక్క గోడ లోపలివైపు చుట్టూ ఒక పట్టీలాగా గరుకుగా అరిగిపోయి, నల్లటి రబ్బరు పొడి చేతికి అంటుకుంటే, గాలి తక్కువతో నడిచిందన్న కంపెనీ మాట నిజమే, దాని మీద గొడవ పెట్టుకోకండి. మన వాదన వేరు, గాలి తగ్గిందే మొదటి నుంచి ఉన్న లీకు వల్ల, ఆ లీకు గురించి మేం చెప్పినా పట్టించుకోలేదు అని. అయితే గాలి దిగుతోందని తెలిసీ హైవే ఎక్కారని వాళ్లు కచ్చితంగా అంటారు, దానికి పరిహారంలో కొంత తగ్గింపు తప్పదు.

రుజువు ఇంకా పూర్తిగా పోలేదు. అదే రిమ్ము మీద ఇప్పుడు వేరే టైరు వేసుకుని తిరుగుతున్నారు కదా, అది గాలి నిలబడుతోందా? నిలబడితే రిమ్ము తప్పు కాదని చెప్పడానికి అదే గట్టి ఆధారం. వాల్వ్ కూడా పాతదే ఉంటే అదీ తప్పుకున్నట్టే, కొత్తది వేయించి ఉంటే మాత్రం ఆ పాత వాల్వ్ ఎక్కడుందో వెతకండి. కొత్త టైరు కూడా దిగుతోందంటే నిజం చెప్తున్నా, కంపెనీ మీద కేసు మానేయండి.

ఇక ఇన్సూరెన్స్ సంగతి. వద్దంటే వద్దు. మామూలు పాలసీల్లో బండికి వేరే డ్యామేజీ లేకుండా టైరు ఒక్కటే పోతే క్లెయిమే రాదు, వచ్చినా టైరు ఖరీదులో సగమే. ఆ కాస్త కోసం జరగని గుంత రాసి సంతకం పెడితే అది మోసం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందకి వస్తుంది. పైగా అవతలి లాయరు ఆ క్లెయిమ్ ఫారం తెచ్చి వినియోగదారుల కమిషన్ ముందు పెడతాడు, ఇక్కడ లీకు అంటారు, అక్కడ గుంత అన్నారు, ఏది నిజం అంటాడు. అక్కడితో మీ కేసు అయిపోయింది. బావమరిది మంచికే చెప్పి ఉండొచ్చు, కానీ సంతకం మీది.

గడువు చూడండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మార్చిలో క్లెయిమ్ కొట్టేశారు కాబట్టి అప్పట్నుంచి లెక్క అనుకుంటున్నారేమో, అవతలివాళ్లు మొదట గాలి దిగిన రోజు నుంచి అంటారు, మధ్యలో రాసుకున్న ఉత్తరాలూ ఇచ్చిన నోటీసులూ గడువుని పొడిగించవు. ఆలస్యం మన్నించమని అడగొచ్చు గానీ సరైన కారణం చూపించాలి, మీకు ఆ కారణం లేదు. అందుకే బిల్లు తేదీనే లెక్క పెట్టుకుని 2026 ఆగస్టు 16 లోపు వేసేయండి.

ఫోన్‌లో గేజీ ఫొటోలు, షాపువాడికి పెట్టిన వాట్సాప్ మెసేజీలు ఏమున్నా తుడిచేయకండి, ఫోన్ మార్చకండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఈ ఫొటోలూ మెసేజీలూ ఏ ఫోన్‌లోవో చెప్పే ధ్రువీకరణ, జత చేయాలి. టైరు పక్క మీదున్న కోడ్‌లో చివరి నాలుగంకెలు, అంటే తయారైన వారం, సంవత్సరం, కనపడేలా ఫొటో తీసి టైరుని గోనెసంచిలో కట్టి పెట్టండి. 'ఇంకోసారి చెకింగ్‌కి పంపుతాం' అని షాపువాడు అడిగితే రసీదు లేకుండా ఇవ్వొద్దు, ఇచ్చారంటే ఇక అది మీకు తిరిగి రాదు. కేసు వేశాక వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద దాన్ని ల్యాబ్‌కి పంపమని కమిషన్‌నే అడగాలి, ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి.

షాపునీ కంపెనీనీ ఇద్దరినీ చేర్చి, నోటీసు స్పీడ్ పోస్టులో పంపి 15 రోజులు ఇవ్వండి. తర్వాత ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, మీరుండే చోటే వేసే హక్కు చట్టం ఇచ్చింది, 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. 5 లక్షల వేదన మాత్రం రాయకండి, 6,800 టైరుకి అంత అడిగితే మిగతా మాటలు కూడా నమ్మరు. టైరు ఖరీదు, ఆ రాత్రి బండి లాగించిన బిల్లు, కోర్టు ఖర్చులు, వేదనకి ఓ పాతిక వేలు, అంతే.

ఈరోజే ఆ చక్రానికి 33 కొట్టించి గేజీ ఫొటో తీయండి, వారానికొకసారి చొప్పున నెలరోజులు తీసి, ఆ ఫొటోలతో రండి, ఫిర్యాదు అప్పుడు రాద్దాం.